కాడి మచ్చ

ఎమ్మిగనూరు సంతలో మా నాయన
ఎద్దు పండ్లు చివర్న చూస్తాడు.
పండ్లు అందరూ చూస్తారు మే, అంటాడు,
అమ్మేటోడు కూడా అవే చూపిస్తాడు.
నువ్వు మెడ చూడు.
కాడి మచ్చ మీద వెంట్రుక మొలిచిందా,
పసుపు పూసి పుండు దాచినారా.
ఆ తర్వాత ఉత్తచెయ్యి పైకెత్తు.
కొట్టే ఇంటి ఎద్దయితే
ఉత్తచేతికే కన్ను మూసుకుంటాది.

కర్నూల్లో బళ్ళారి చౌరస్తా దాటినాక
టైర్ల అంగడి మీద రెండో అంతస్తు.
విత్తనాల కంపెనీ. లెక్కలు రాసే పని.
పదిన్నరకి రమ్మని
ఒంటిగంట దాకా బెంచీ మీద కూర్చోబెట్టినారు,
బీకాం ఫైలు ఒళ్ళో పెట్టుకోని.
వాళ్ళకేం తెలుసు,
సంతలో పెరిగినదానికి
ఊరికే కూర్చోవడమంటే చూడ్డమే.

ముందు బల్ల మీద పేరు చీటీ: శశిరేఖ.
దాని కింద సగం గీకేసిన ఇంకో పేరు,
ఆ కింద జిగురు మాత్రమే.
కుర్చీ ఖాళీ. ఫోను మోగి మోగి
తనంతట తానే ఊరుకుంది.
లోపల ఎవరో నవ్వినారు.
మెట్ల మీద బూట్ల చప్పుడయ్యింది,
నవ్వు సగంలో తెగింది.
ఏడు తలకాయలు ఒకేసారి
కంప్యూటర్లలోకి వంగినాయి.
ఆయన ఎవుర్నీ ఏమీ అనలేదు.
తల దువ్వుకోడానికి
జేబులోంచి చెయ్యి తీసినాడు.
పక్కనున్న పిల్లోడు కన్ను మూసినాడు.

పంపు కాడ ఒకామె మొహం కడుక్కుంటా
అద్దంలోనే నన్ను చూసి, ఇంటర్వ్యూకా, అంది.
ఊ అన్నా.
ఏ ఊరు, అంది. చెప్పినా.
"ఎమ్మిగనూరు బస్సు రెండింటికి ఉండాది."
కొంగుతో తుడుచుకోని పోయింది.
నేను బస్సు సంగతి అడగలేదు.

"మనదంతా ఒకే కుటుంబం హుసేనమ్మా,
ఇక్కడ గడియారం చూసేవాళ్ళెవరూ లేరు."
ఆయన వెనక గోడ గడియారం
ఆరుంబావుకి ఆగిపోయి ఉంది.
పెళ్ళెప్పుడని అడిగినాడు.
నాయన ఏం చేస్తాడని అడిగినాడు.
ఎద్దుల బేరం అంటే నవ్వినాడు.
జీతం ఎంత సార్, అన్నా.
"నీ పని చూసి నేనే ఇస్తా కదమ్మా."

మా నాయన బేరం తువ్వాలు కింద.
బయటికేమీ కనపడదు,
లోపల పట్టుకున్న వేలు మాత్రం వేలే.
రెండు పట్టి మూడన్నోడు
మళ్ళీ సంతలో కాలు పెట్టలేదు.
ఇక్కడ ఏసీ ఉండాది, అద్దాల తలుపుండాది,
వేలే లేదు.

నాకన్నా ముందామె ఎందుకు మానేసింది సార్?
"ఓపిక లేదు."
ఆమెకన్నా ముందామె?
ఆయన పెన్నుకి మూత పెట్టినాడు.
"ఒరిజినల్స్ ఇచ్చిపో.
మూడేండ్లు మా దగ్గర భద్రంగా ఉంటాయి."
సొరుగు లాగినాడు.
దారంతో కట్టిన కట్టలు, గుండ్రటి ముద్రలు.
పై కాగితం మీద పేరు తలకిందులుగా చదివినా.
శశిరేఖ.

ఇవి జిరాక్సులు సార్, అసలువి ఇంటికాడ ఉండాయి, అన్నా.
అబద్ధం.
రేపు తెస్తా, అన్నా.
అది రెండోది.

ఒకసారి ఒక కోడె,
సంచకారం ఇచ్చినాక, పలుపు చేతులు మారినాక,
కొన్నోడి ముల్లుకర్ర వాసన చూసి
నాలుగు కాళ్ళూ నేలకి తన్నిపట్టింది.
మనం ఎద్దును చూస్తాం,
ఎద్దు మనల్ని చూడదా, అని
మా నాయన డబ్బు తిరిగిచ్చేసినాడు.
ఆ రాత్రి సంగటికి పిండి లేదు,
మాయమ్మ తెల్లార్లూ తిట్టింది.
అది కూడా చెప్పాల.

దిగబోతుంటే బెంచీ మీద కొత్త పిల్ల.
చెప్పులు కొత్తవి, మడమ కొరికి రక్తం.
ఏ ఊరు మే, అన్నా.
కోడుమూరు.
"రెండింటి బస్సు కోడుమూరు మీదనే పోతాది."
ఆ పిల్ల ఫైలు గట్టిగా పట్టుకోని
తన జీతం ఎత్తుకుపోడానికి వచ్చినదాన్ని
చూసినట్టు చూసింది.
లోపల్నించి పేరు పిలిచినారు.